ఆరు దిక్కుల వెలుతురు

పొద్దున అనుకున్నది సులువైన పనే. పుణె నుంచి భ్రమరాంబ వచ్చేదాకా మాలకొండయ్యను ఫ్రీజర్ పెట్టెలో ఉంచాలి. కూతురు కడసారి మొహం చూడగానే పొలానికి తీసుకుపోయి పూడ్చాలి. పెద్దారవీడులో ఎండలు ముదిరిన రోజులు. తమ్ముడు నరసింహులు మార్కాపురం నుంచి పెట్టె తెప్పించి, అన్నను అందులో పడుకోబెట్టి, తనే స్విచ్ వేశాడు.

కాసేపటికి అద్దం మీద చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉంది.

"పెట్టె చెడిపోయినాదిరా యల్లయ్యా. ఇట్లయితే బిడ్డకు నాయన మొగం దక్కదు."

"ఇంకో పెట్టె గిద్దలూరు పోయినాదంట మామా" అన్నాడు టెంట్ హౌస్ యల్లయ్య.

అప్పుడు నరసింహులుకు పోయిన ఏడాది భ్రమరాంబ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆమెది చలి మీద పరిశోధన. "పిడికెడు కూడా లేని వాయువును ఏ గోడకూ తగలకుండా నిలబెట్టి, ఆరు దిక్కుల నుంచి లేజర్ వెలుతురు కొడతాం చిన్నాయనా. అణువులు నెమ్మదించి ఆగిపోతాయి. కదలిక పోవడమే చల్లదనం. అంతరిక్షం కన్నా చల్లన" అంది.

"చలికి వణకవా తల్లీ అవి?" అని ఆనాడు మాలకొండయ్య దిగులుగా అడిగాడు.

"వణుకు కూడా ఆగిపోతాది నాయనా."

నరసింహులు లేచాడు. "యల్లయ్యా, పెళ్ళి ఫోకస్ లైట్లు పట్టుకురా. ఆరు దిక్కులా కొట్టు."

"పట్టపగలు లైట్లేంది మామా? అయినా కింద దిక్కు ఎట్ల?"

"పెట్టె కింద దూర్చు. మా బిడ్డ సైంటిస్టు, నీకేం తెల్సు!"

లైట్లు వెలిగాయి. పూలదండలు వాడిపోయాయి. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్ళు ఉక్కకు తాళలేక వీధిలోకి పోయి ఏడ్చారు. వాళ్ళ కోసం కూలర్లు పెడితే ఫ్యూజు కాలింది. నరసింహులు చెయ్యి చురుక్కుమనిపించుకుంటూ తీగ చుట్టి, లైట్లు మళ్ళీ వెలిగించేసరికి భ్రమరాంబ ఆటో దిగింది.

"ఇదేంది చిన్నాయనా?"

"నీ పద్ధతే తల్లీ. ఎంతకీ చల్లబడలే."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఏడుపైంది. "అది కాసిని అణువులకే చిన్నాయనా. మనుషులకు కాదు."

లైట్లు ఆర్పించి, తండ్రి మొహం చాలాసేపు చూసింది. తర్వాత పెట్టె తీగ వెంట గోడ దాకా పోయింది. స్విచ్ ఆపి ఉంది. దాని కిందే గోడకు ఆనుకుని కూర్చుంది తల్లి వెంకటసుబ్బులమ్మ.

"నేనే ఆపినా" అంది తల్లి. "మీ నాయనకు చలి పడదు గదమ్మా. వానజల్లుకే గొంగడి అడిగే మనిషి. అంత చలిలో ఎట్ల పండుకుంటాడు?"

"వదినా!" నరసింహులు నెత్తి పట్టుకున్నాడు. "గుంత తీసేసరికి ఇంకా సేపు పట్టుద్ది. స్విచ్ వెయ్యి తల్లీ."

భ్రమరాంబ స్విచ్ మీద వేలు పెట్టింది. తీసేసింది. తల్లి పక్కన కూలబడింది.

అంతరిక్షం కన్నా చల్లని చోటును తన చేత్తో తయారుచేసే మనిషి, ఆ పూట ఒక్క స్విచ్ వేయలేకపోయింది.