గిటార్‌కి ఎడమ ఏవైపు

ఎనిమిదింటికి చెక్క కోయడం, పదింటికి చిత్రిక పట్టడం, పన్నెండింటికి భోజనం. ఆ ఆదివారానికి తలుపుల మేస్త్రి వేసుకున్న పథకం ఇంతే. నిలువెత్తు తలుపులు చేసే చేతికి రెండు జానల గిటార్ ఒక లెక్కా అని ఆయన పొద్దున్నే భార్యతో మూడుసార్లు అన్నాడు. మూడోసారికి ఆవిడ, "నేనేమైనా లెక్కన్నానా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయనకు గర్వం ఉన్నమాట నిజమే గాని, అది ఊరికే వచ్చింది కాదు. ముప్పై ఏళ్ళలో ఆయన బిగించిన తలుపు ఒక్కటి కూడా తప్పు వైపుకు తెరుచుకోలేదు. తలుపుల పనిలో కుడి ఎడమలే పెద్ద తలనొప్పి. గుమ్మం బయట నిలబడ్డవాడికి కుడి అయినది లోపలివాడికి ఎడమ అవుతుంది. ఈ గొడవలో ఎందరో మేస్త్రీలు చేసిన తలుపులే మళ్ళీ చేశారు. మన మేస్త్రి మాత్రం పని మొదలుపెట్టిన రోజే ఒక నియమం పెట్టుకున్నాడు. లోపల నిలబడి బయటికి చూస్తూ చెప్పిందే కుడి, అలా చెప్పిందే ఎడమ. ఇల్లు ఉండేవాడిది గాని వచ్చేవాడిది కాదు గదా అని ఆయన వాదం.

గిటార్ ఆయన కూతురి కోసం. ఆ అమ్మాయి వేరే ఊళ్ళో చదువుకుంటూ అక్కడి కాలేజీ బృందంలో వాయిస్తోంది. వచ్చే శనివారం సాయంత్రం సొంత ఊరి గ్రంథాలయం హాల్లో, మొట్టమొదటిసారిగా బృందానికి ముందు నిలబడి వాయించబోతోంది. "నువ్వు చేసిన గిటార్ మీదే వాయిస్తాను నాన్నా" అని ఫోన్లో అన్న దగ్గర్నుంచి మేస్త్రి కాలు నేల మీద ఆనడం లేదు. కొట్టుకు తలుపు గడియ కోసం వచ్చినవాళ్ళకు కూడా ఆ కబురు చెప్పే పంపించాడు.

ఏ రకం గిటార్ అనే విషయంలో మాత్రం ఇంట్లో నెలరోజులు యుద్ధం జరిగింది. కూతురికి ఇష్టమైనది పలక రకం. అంచులన్నీ ఒకే మందం, పైన నున్నటి చదును, మెడ పక్కన వేళ్ళు దూరడానికి ఒక్కటే గండి. "దాంట్లో దాచుకోడానికి చోటుండదు నాన్నా. వేలు తప్పితే తప్పినట్టే వినిపిస్తుంది. అందుకే ఇష్టం" అంది. మేస్త్రికి నచ్చేది బొజ్జ రకం. పైభాగం కాస్త ఉబ్బి, బరువుగా, మెడ స్క్రూలతో కాకుండా చెక్కలో చెక్క దిగి జిగురుతో అతికేది. చేత్తో నిమిరితే పని తెలియాలని ఆయన పట్టు.

మూడో పక్షం బావమరిది. అతను సభలకు మైకుసెట్లు అద్దెకిస్తాడు. వీధంతా అతన్ని మైకు అనే పిలుస్తుంది. వృత్తిని బట్టి పెట్టారో, గొంతును బట్టి పెట్టారో ఎవరికీ గుర్తులేదు. అతనిది కొమ్ముల రకం. మెడకు రెండు పక్కలా గండ్లు, అందువల్ల రెండు కొమ్ములు, పొట్టకు గుచ్చుకోకుండా వెనక ఒక నొక్కు. "ప్రపంచంలో గిటార్ అంటే అదే బావా. మిగతావన్నీ పీటలు" అనేవాడు. పీట అన్నమాటకు మేస్త్రి రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

చివరికి వాయించేది కూతురు కాబట్టి కూతురే గెలిచింది. మెడ, తీగెలు, లోపలి సామగ్రి తనే కొని పంపించింది. ఒళ్ళు మాత్రం నాన్న చెయ్యాలి. కొలతలతోబాటు ఒక సందేశం కూడా వచ్చింది. ఆదివారం పొద్దున్న మేస్త్రి భార్య దాన్ని పైకి చదివింది.

"పలక రకం. ఒక్కటే గండి. గండి ఎడమవైపు."

ఇరవై ఏళ్ళు ఎండిన పాత తలుపు చెక్క బల్ల మీద సిద్ధంగా ఉంది. మేస్త్రి చెవి మీంచి పెన్సిలు తీశాడు. "ఎడమ. అంటే లోపల నిలబడి చూస్తే..."

"ఆగాగు బావా," అన్నాడు మైకు. మెడ బిగించి తీగెలు కలపడానికి అతనూ పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. "ఇదేమన్నా తలుపా? దీనికి లోపలా బయటా ఏముంటాయి? గిటార్‌ని జనం ఎదురుగా కూర్చుని చూస్తారు. మెడ పైకి నిలబెట్టి ఎదురునుంచి చూస్తే ఏది ఎడమో అదే ఎడమ. సంగీతంలో లెక్క వేరు."

"నీకు కచ్చితంగా తెలుసా?"

"పదహారేళ్ళుగా వేదికల మీద ఉన్నాను బావా."

ఉన్నమాట నిజమే, వైర్లు సర్దడానికి. ఇంట్లో అతను వాయించే గిటార్‌కి రెండువైపులా గండ్లే కాబట్టి ఒక్క గండి ఎటు ఉండాలన్న ప్రశ్న అతని జీవితంలో ఎప్పుడూ రాలేదు. ఆ సంగతి ఆ పూట ఎవరికీ తోచలేదు.

"దానికే ఫోన్ చేసి అడిగితే పోలా?" అంది భార్య.

"ఎడమ అని అంత స్పష్టంగా రాస్తే మళ్ళీ ఏం అడుగుతాం? వాళ్ళ నాన్నకి ఎడమ తెలియదనుకుంటుంది."

"పోనీ బొమ్మ చూడండి."

"కంపెనీవాళ్ళ బొమ్మ చూసి చేస్తే అది కంపెనీవాళ్ళ గిటార్ అవుతుంది" అని మేస్త్రి ముప్పై ఏళ్ళ నియమాన్ని ఒక్క పూటకు పక్కనపెట్టి, ఎదురునుంచి ఎడమవైపున గీత గీసి రంపం అందుకున్నాడు. పన్నెండింటికల్లా గండి అద్దంలా వచ్చింది. భోజనం కూడా అనుకున్న వేళకే చేశాడు.

మంగళవారం మైకు గిటార్‌కు మెడ బిగించి, తీగెలు ఎక్కించి, పట్టీ తగిలించుకుని వాయించబోయాడు. అతని ఎడమచెయ్యి మెడ మీద కిందికి జారుతూ జారుతూ వచ్చి చెక్కకు కొట్టుకుని ఆగిపోయింది. పైస్వరాలు అందుకోవాలంటే చెయ్యి అడుగునుంచి దూరాలి. అడుగున గండి లేదు. అది వెళ్ళి పైన, ఎవరికీ పనికిరానిచోట, ఆకాశం వైపు చూస్తూ కూర్చుంది.

భార్య ఫోన్ తెచ్చి సందేశం మళ్ళీ చదివింది. ఎడమ అనే ఉంది.

"అయితే అమ్మాయే పొరపాటున రాసింది" అన్నాడు మైకు, గుండెల మీంచి బరువు దిగినవాడిలా.

మేస్త్రి ఉలి కింద పెట్టాడు. పిల్ల మొదటిసారి నలుగురి ముందు నిలబడబోతోంది. కుడి ఎడమలు కూడా తెలియకుండా రాశానా అనుకుందంటే చేతులు వణుకుతాయి. వేలు తప్పితే తప్పినట్టే వినిపిస్తుందని అదే చెప్పింది. ఆయనకు అంతకుమించి ఆలోచించాల్సింది కనపడలేదు.

"అది సరిగ్గానే రాసింది. నేనే తప్పు కోశాను. ఎవరడిగినా ఇదే మాట. అసలు ఎవరూ అడగకూడదు కూడా" అన్నాడు.

"నా నోట్లోంచి పొల్లుమాట రాదు బావా" అన్నాడు మైకు.

మాట నిలబెట్టుకున్నాడు కూడా. గట్టి జిగురు అవసరమవుతుందేమోనని ఇనుపసామాన్ల కొట్టతన్ని అడగడానికి వెళ్ళి, ఎందుకని అడిగితే ఒక్కడికే, అదీ చెవిలో చెప్పాడు. మైకు చెవిలో చెప్పిన మాట కొట్టుకు ఎదురుగా ఉన్న బస్టాపుదాకా వినిపించింది.

బుధవారం పొద్దున్నకి తలుపుల మేస్త్రి మొట్టమొదటిసారి తప్పు కోశాడన్న కబురు వీధి చివరికి చేరింది. మధ్యాహ్నానికి ఆయనకు కుడి ఎడమలు తెలియడం లేదట అయింది. సాయంత్రం కళ్ళ డాక్టరు, మేస్త్రి చేతనే ఆసుపత్రికి తలుపులు చేయించుకున్నాయన, దారిలో వెళ్తున్నట్టుగా కొట్లోకి వచ్చాడు.

"ఏదీ, ఊరికే ఎడమచెయ్యి ఎత్తండి" అన్నాడు.

మేస్త్రి ఎత్తాడు. ఎదురుగా నిలబడ్డ డాక్టరు తన చేతులవంక ఒకసారి, మేస్త్రి చేతులవంక ఒకసారి చూసుకుని తనే తికమకపడ్డాడు. "ఎందుకైనా మంచిది, విశ్రాంతి తీసుకోండి" అని చుక్కలమందు రాసిచ్చి వెళ్ళాడు.

గురువారం ఇంకా బాగా గడిచింది. పక్క వీధి పెద్దాయన పదకొండేళ్ళుగా తెరిచి మూస్తున్న తన ఇంటి తలుపు సరైన వైపుకే తెరుచుకుంటోందా అని అడగడానికి వచ్చాడు. వెనకాలే బడి హెడ్మిస్ట్రెస్ దగ్గర్నుంచి చీటీ వచ్చింది. కొత్త గదులకు ఒప్పుకున్న పధ్నాలుగు తలుపుల పని, మేస్త్రి ఆరోగ్యం కుదుటపడేవరకు ఆపమని.

చీటీ చదివి భార్య ఊరుకోలేకపోయింది. "అమ్మాయి పొరపాటున రాసిందని ఒక్కమాట అంటే పోయేదానికి ఎందుకండీ ఇదంతా?"

"ఆ ఒక్కమాట తిరిగి తిరిగి దాని చెవినే పడుతుంది. శనివారం దాటనీ" అన్నాడు మేస్త్రి. పధ్నాలుగు తలుపులు చేజారినందుకు ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా లోపలెక్కడో, కూతురి కోసం పేరు పోగొట్టుకుంటున్నానని కాస్త గొప్పగానే ఉంది.

ఈ హడావుడిలోనే గిటార్ కూడా రూపం మార్చుకుంది. ఇంకో చెక్క ఎండేంత టైము లేదు. అడుగున రెండో గండి తీయక తప్పలేదు. రెండు గండ్లు పడగానే రెండు కొమ్ములు మొలిచాయి.

"ఎక్కడెక్కడ తిరిగినా చివరికి అందరూ నా దారికే వస్తారు" అన్నాడు మైకు.

అది విన్నాక మేస్త్రి చెయ్యి ఊరుకోలేదు. చిత్రిక పట్టే నెపంతో అంచులు తగ్గించి, మధ్యలో నిమిరితే తెలిసేంత బొజ్జ తెచ్చాడు. శుక్రవారం మెరుగుపెట్టి చూసుకుంటే కూతురి పలక, మామయ్య కొమ్ములు, నాన్న బొజ్జ కలిసి అందులోనే ఉన్నాయి. అలాంటిది ఎక్కడా లేదు. ఆయన దాన్ని చాలాసేపు చూసి, బాగుందని పైకే అన్నాడు.

కూతురి బస్సు శనివారం మధ్యాహ్నం ఆలస్యంగా వచ్చింది. హాలుకు నేరుగా వచ్చి గిటార్ అందుకుని రెండు గండ్లవంక ఒకసారి, నాన్నవంక ఒకసారి చూసింది. "తర్వాత చెప్పు" అని మెళ్ళో వేసుకుంది. గంటసేపు సాధన చేసుకుంది. ఆ తర్వాత తెర లేచింది.

ఆమె వాయించింది. మేస్త్రికి సంగీతం పెద్దగా తెలియదు గాని, ఒక్క వేలు కూడా తప్పలేదని మాత్రం తెలిసింది. చెయ్యి రెండో గండిలోంచి దూరి పైస్వరాలు అందుకున్నప్పుడల్లా ఆయన మునివేళ్ళ మీద లేచాడు. చివర్న ఆ అమ్మాయి మైక్రోఫోను దగ్గరికి వచ్చి, "ఈ గిటార్ మా నాన్న చేశారు. ముప్పై ఏళ్ళుగా తలుపులు చేస్తున్నారు. ఆయన చేతిలో ఏదీ తప్పు వైపుకు తెరుచుకోదు" అంది. హాలంతా చప్పట్లు. మేస్త్రి కళ్ళు తుడుచుకోవడం ముందు వరసలో కూర్చున్న హెడ్మిస్ట్రెస్ వెనక్కి తిరిగి మరీ చూసింది. బయటికి వెళ్తూ ఆయన దగ్గర ఆగి, "సోమవారం వచ్చి పని మొదలుపెట్టండి" అంది.

హాలు ఖాళీ అయ్యాక మెట్లమీద నలుగురూ మిగిలారు. "ఇప్పుడు చెప్పు నాన్నా. రెండో గండి ఎందుకొచ్చింది?" అంది కూతురు.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "నేనే తప్పు కోశానమ్మా. నువ్వు సరిగ్గానే రాశావు. వయసైపోతోంది కదా, కుడి ఎడమలు తారుమారయ్యాయి."

"అదెలా? ఎడమ అనే కదా రాశాను."

"రాశావు. ఎదురునుంచి చూసి ఎడమవైపే..."

"ఎదురునుంచా?" కూతురు గిటార్‌ను మెడ పైకి ఉండేలా తన ముందు నిలబెట్టింది. "ఎదురునుంచి ఎందుకు చూశావు నాన్నా? నేను తలుపు లెక్కలో రాశాను. వాయించేవాళ్ళు లోపల, వినేవాళ్ళు బయట. లోపల నిలబడి చూస్తే గండి ఎడమవైపు. ఇంకెలా చెప్పినా నీకు తికమకగా ఉంటుందని, నీ లెక్కలోనే చెప్పాను."

ఎవరికీ పనిగట్టుకుని నేర్పని లెక్క అది. చెక్కపొట్టులో ఆడుకుంటూ ఈ పిల్ల ఎప్పుడు పట్టేసిందో తెలియదు. ఊరు ఊరంతా నమ్మినా తను మాత్రం అబద్ధమనుకున్న మాట, తనే తప్పు కోశాడన్నది, అక్షరాలా నిజమని అప్పటికి ఆయనకు అర్థమైంది. సిగ్గుపడాలో పొంగిపోవాలో ఒక్క క్షణం తేల్చుకోలేక, చివరికి పొంగిపోయాడు. "చూశావటే, తలుపు లెక్కలో రాసింది" అని భార్యతో అన్నాడు. అంతటితో ఆగక రెండోసారి కూడా అన్నాడు.

"విన్నాను. ఆ తలుపు లెక్క పక్కనపెట్టమన్నదెవరో కూడా నాకు గుర్తుంది" అంది ఆవిడ, తమ్ముడివంక చూసి.

మైకు కాసేపు చేతిలోని వైరు చుట్టలు చుట్టి విప్పి, విప్పి చుట్టాడు. తర్వాత బావ పక్కకు జరిగి, తనకు చేతనైనంత నెమ్మదిగా అడిగాడు. "అయితే బావా, రేపట్నుంచి బయట ఎవరైనా అడిగితే తప్పు ఎవరిదని చెప్పమంటావు?"

"నాదే అని చెప్పు. కాకపోతే ఈసారి నిజం కదా, కాస్త మెల్లగా చెప్పు" అన్నాడు మేస్త్రి.