తాతబాబు గారి చివరి చిల్లర

విశాఖ మహానగరంలో చిల్లర సమస్య పూర్తిగా పరిష్కారమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పది, ఇరవై నోట్లూ, రూపాయి, రెండు, ఐదు, పది బిళ్లలూ రద్దయ్యాయి. ఇకపై ఇరవై రూపాయల బిళ్లే అన్నిటికన్నా చిన్నది. "ఉక్కు కరిగించే ఊళ్లో, ఓడలొచ్చే ఊళ్లో రూపాయి బిళ్లతో బేరమాడడం మన స్థాయికి తగునా?" అని నాణేల ఆధునికీకరణ సంఘం అధ్యక్షులు గురునాథరావు గారు ప్రశ్నించారు. తగదని సభ చప్పట్లు కొట్టింది.

ప్రజలు వెంటనే ఆ స్థాయికి ఎదిగారు. ఐదు రూపాయల కొత్తిమీర కట్ట కావాలంటే పూర్ణా మార్కెట్లో నాలుగు కట్టలు కొనాల్సి వచ్చింది గనుక ఊరంతా రెండు పూటలా కొత్తిమీర పచ్చడే తిన్నది. పది రూపాయల దూరం వెళ్లేవారిని ఆటోవాళ్లు ఇరవై రూపాయల దూరం తీసుకెళ్లి న్యాయంగా దింపేవారు. వెనక్కి నడవడం ఆరోగ్యానికి మంచిదని డాక్టర్లు కూడా సెలవిచ్చారు.

సరిగ్గా అప్పుడే కోటవీధిలో తాతబాబు పోయాడు. సిటీ బస్సు కండక్టరుగా ఉన్నన్నాళ్లూ "సిల్లర నేదు, టికెట్టెనకాల రాసిత్తాను" అన్న ఒక్క మాట మీదే బతికిన మనిషి. ఆ మాట విననివాళ్లు ఊళ్లో లేరు, మరచిపోయినవాళ్లూ లేరు. అతనికి పిల్లలు లేరు. భార్య చిట్టెమ్మకు ఒకటే బెంగ పట్టుకుంది.

"భాయ్, ఈయన్ని మొయ్యడానికి నలుగురైనా వత్తారంటావా?" అని పక్కింట్లో తాళాలు బాగుచేసే మౌలాలిని అడిగింది.

"దారెంట సిల్లర సల్లుతారు కదా సెల్లెమ్మా! ఇప్పుడు సిల్లరంటే ఇరవై బిళ్లే. ఊరూరంతా వత్తాది సూడు."

వచ్చింది. శవం లేవకముందే వీధి నిండిపోయింది. గురునాథరావు గారు స్వయంగా విచ్చేసి, తాతబాబు మరణం నగరానికి తీరని లోటన్నారు. మౌలాలి మొదటి గుప్పెడు చల్లగానే జనం వంగారు. మోసేవాళ్లు పాడెను నడిరోడ్డు మీద దించి మరీ వంగారు. గురునాథరావు గారు మాత్రం వంగలేదు, బూటు లేసు కట్టుకోవడానికి కూర్చున్నారు. ఆయన వేసుకొచ్చినవి చెప్పులన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

పొద్దు వాలుతున్నా పాడె వీధి మలుపు దాటలేదు. పెనిమిటి అలా రోడ్డున పడి ఉంటే చిట్టెమ్మ చూడలేకపోయింది. మౌలాలి చేతిలోని సంచి లాక్కుంది.

"మిగిలినయ్ వల్లకాటి కాడే పంచుతాను, పదండి!"

పాడె పరుగెత్తింది. తాతబాబు బస్సు కూడా ఏనాడూ అంత వేగంగా పోలేదు. ఆడవాళ్లు శ్మశానానికి రాకూడదని ఒక్కరూ ఆక్షేపించలేదు, సంచి ఆవిడ దగ్గరుంది మరి. తలకొరివి కూడా ఆవిడే పెట్టింది. శాస్త్రం ఎవరికీ గుర్తు రాలేదు.

చితి అంటుకోగానే అందరూ చేతులు చాపారు. చిట్టెమ్మ కళ్లు తుడుచుకుని, సంచి మూతి బిగించి ముడేసింది.

"సిల్లర నేదు బాబూ. టికెట్టెనకాల రాసిత్తాను."

మర్యాదస్తులం కదా, మనమంతా జేబుల్లో పాత టికెట్లు వెతుక్కుంటూ వరసలో నిలబడ్డాం.