వ్యాన్ కాదు, వనిత

అమెరికాలోని నోవైలో ఆ శనివారం ఉదయం శేషగిరి గారి పథకం చాలా చిన్నది. పక్కింటి నోరా పదింటికి ఐర్లాండ్ వెళ్లిపోతోంది, వాళ్ల అమ్మమ్మ ఊళ్లో స్థిరపడటానికి. ఆయన మోకాలి ఆపరేషన్ దగ్గర్నుంచి చలికాలమంతా, అడక్కుండా, తలుపైనా తట్టకుండా, వీళ్ల వాకిట్లో మంచు తీసిన మంచి మనిషి. మళ్లీ కనబడదు. వెళ్లేలోగా ఆమెకు ఐరిష్‌లో ఒక్క మాట చెప్పాలి. అందుకే లైబ్రరీ క్లాసులో మూడు వారాలు నామవాచకాలతో కుస్తీ పట్టారు.

"బ్యాన్ అంటే స్త్రీ. ముందు 'అన్' తగిలిస్తే 'ఆ స్త్రీ'. స్త్రీలింగం కాబట్టి బ కాస్తా వ! మన గసడదవాదేశ సంధిలో ప కాస్తా వ అయినట్టే!" అని బాత్రూం అద్దానికి పాఠం చెప్పారు. "మంచి అనే 'మా' కూడా 'వా' అయిపోతుంది. అన్ వ్యాన్ వా! అన్ వ్యాన్ వా!"

తలుపవతల ఉన్న భార్య పద్మినికి సంధి వినబడలేదు, వ్యాన్ వినబడింది. డాక్టర్ డ్రైవింగ్ వద్దన్నాడాయె! వెంటనే తెలిసిన కుర్రాడు అవినాష్‌కి ఫోన్ చేసింది.

"మీ అంకుల్‌కి వ్యాన్ పిచ్చి పట్టిందయ్యా! పొద్దున్నుంచీ ఒకటే గోల."

"అర్జెంటా ఆంటీ? మీరు టెన్షన్ పడకండి. నేను అరేంజ్ చేస్తా!"

"అది కాదురా..." అనేలోగా ఫోన్ పెట్టేశాడు. తెలుగు వాళ్ల గ్రూపులో మెసేజ్ పెట్టాడు. ఊళ్లో కొత్తగా దిగినప్పుడు తమని ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొచ్చి, వారం రోజులు అన్నం పెట్టిన అంకుల్ అడిగితే ఎవరాగుతారు? అరగంటలో ఐదు వ్యాన్లు వచ్చి వీధిని మూసేశాయి. నోరా కోసం వచ్చిన టాక్సీ దారి లేక వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

శేషగిరి కర్ర ఊతంతో గబగబా వచ్చారు. "ఎవరయ్యా మీరంతా?"

"వ్యాన్ అడిగారట కదా అంకుల్!" అన్నాడు ముందు వ్యాన్ దిగిన అవినాష్.

"నేనెప్పుడడిగాను?"

"అడగలేదు, బాత్రూంలో పాడారు," అంది పద్మిని.

"అది వ్యాన్ కాదే, వనిత!"

"ఏ వనిత?" పద్మిని గొంతు మారింది.

"నోరా! ఆ మంచి మనిషి అని!"

ఆ మంచి మనిషి నాలుగు పెట్టెలతో మంచులో నిలబడి, టాక్సీ వెళ్లిపోయిన వైపే చూస్తోంది. కృతజ్ఞత చెప్పబోయి శేషగిరి ఆమె విమానమే తప్పించేసేలా ఉన్నారు!

"అంకుల్, ఐదు వ్యాన్లున్నాయి," అన్నాడు అవినాష్. "ఆవిడకి ఒకటి చాలదూ?"

పెట్టెలెక్కాయి, నోరా ఎక్కింది, దంపతులూ ఎక్కారు. వ్యాన్ కదిలాక శేషగిరి గొంతు సవరించుకుని, "అన్ వ్యాన్ వా," అన్నారు.

నోరా కళ్లు చెమర్చాయి. "ఎంత బాగుంది! తెలుగా?"

"మీ ఐరిష్ అండీ! ఆ మంచి మహిళ అని!"

"అయ్యో, నాకు ఒక్క ముక్క రాదు. నేర్పండి!"

ఆయన చెలరేగిపోయారు. ఐరిష్‌లో 'అమ్మాయి' పుంలింగమని చెబితే నోరా పగలబడి నవ్వింది.

"అదే నయం," అంది పద్మిని. "తెలుగులో నేనూ కుర్చీ ఒకటే. నేను వచ్చినా 'వచ్చింది', అది విరిగినా 'విరిగింది'."

ఎయిర్‌పోర్ట్‌లో దిగేటప్పుడు నోరా ఇద్దరి చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అప్పటికి ఆమెకు నామవాచకాలు బాగానే వచ్చేశాయి. క్రియల సంగతి ఐర్లాండ్ వాళ్లు చూసుకోవాలి.