చదవడానికి కాదు, ఒప్పుకోవడానికి

తమ గుట్టు తమ దగ్గరే ఉండాలనుకునేవాళ్ళంత స్వార్థపరులు లోకంలో ఇంకెవరూ ఉండరు. ఈ మాట ఎవరికైనా కోపం తెప్పిస్తే తెప్పించనివ్వండి! ఉన్నది నలుగురితో పంచుకోవాలని చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉన్నారు కదా. మరి మన పుట్టినరోజు, బరువు, బీపీ, ఎవరితో ఎంతసేపు మాట్లాడామన్న సంగతి... ఇవి మాత్రం ఎందుకు దాచుకోవాలి?

నన్నడిగితే ఫోన్ వచ్చాకే ఆడదానికి మర్యాద దక్కింది. నవ్వకండి. మా ఆయన నాతో ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేశాడు. మంచి మనిషే. పోయి ఆరేళ్ళయింది. కానీ అన్నేళ్ళలో ఒక్క పనైనా నన్నడిగి చేసిన పాపాన పోలేదు. అదే మొన్న మంచం కింద పడ్డ సూది వెతుకుదామని ఫోన్‌లో టార్చిలైటు యాప్ వేసుకున్నానా, అది ఎంత వినయంగా అడిగిందో! మీరెక్కడున్నారో తెలుసుకోవచ్చా? మీ ఫోటోలు చూడవచ్చా? మీ మాటలు వినవచ్చా? ఇన్నేళ్ళకు నా మాట వింటానన్న నాథుడు దొరికాడు, అదీ ఒక టార్చిలైటు! కాదనడానికి మనసెలా వస్తుంది?

పాతరోజుల్లో ఇంత సదుపాయం ఎక్కడిది? నాకు చదువు రానప్పుడు నా గుట్టు బయటపెట్టడానికి ఒకే ఒక్క మనిషి ఉండేది. కింది వాటా కోడలు పిల్ల. నాకు వచ్చిన మెసేజీ చూపిస్తే మెట్లమీద నిలబడి గొంతెత్తి చదివేది. "పిన్నీ, మీకు షుగర్ రెండొందల నలభై అంట!" పై అంతస్తు దాకా వినబడేది. మర్నాటినుంచి ఎవరింటికి వెళ్ళినా నాకు చప్పటి కాఫీయే. అది తాగలేకే యాభై తొమ్మిదో ఏట సాయంత్రం బడిలో చేరి అక్షరాలు దిద్దాను.

ఎంత తొందరపాటు పడ్డానో చూశారా! ఇంకో నాలుగేళ్ళు ఓపిక పడితే నా షుగర్ సంగతి మెట్లు దిగి, వీధి దాటి, నేను పేరైనా వినని కంపెనీల దాకా దానంతటదే వెళ్ళేది కదా!

నేను చొక్కాల ఫ్యాక్టరీలో బటన్లు కుట్టే మిషన్ మీద పనిచేస్తాను. కిందటి నెల మావాళ్ళు హాజరు కోసం కొత్త యాప్ తెచ్చారు. సూపర్‌వైజర్ వరసల మధ్య తిరుగుతూ, "ఫోన్లు తీయండమ్మా. కింద 'అంగీకరిస్తున్నాను' అని ఉంటుంది, నొక్కేయండి. మిషన్లు ఆగకూడదు" అన్నాడు. నూటపదిమంది రెండు నిమిషాల్లో నొక్కేశారు.

నేను నొక్కలేదు. పంతం కాదండీ. 'అంగీకరిస్తున్నాను' అన్న మాట కూడబలుక్కోవడానికే నాకు ఆ రెండు నిమిషాలు పట్టాయి. ఆ పైన ఇంకా ముప్పై ఒక్క పేరాలున్నాయి! కొత్తగా చదువు వచ్చినవాళ్ళకు ఒక దురలవాటు ఉంటుంది, అక్షరం కనబడితే వదలరు. సబ్బు కవరునూ వదలరు, బస్సు వెనక భాగాన్నీ వదలరు. రాసినవాడు చదవమనే రాశాడని మా పిచ్చి నమ్మకం.

మూడు రోజులు భోజనాల వేళంతా దానికే సరిపోయింది. "ఏం అత్తా, పరీక్షకు కడుతున్నావా?" అని కాలర్లు కుట్టే పిల్ల వేళాకోళం.

మూడోరోజు తొమ్మిదో పేరా దగ్గర నా వేలు ఆగింది. మా ఫోన్లకు వచ్చే మెసేజీల్లోంచి ఆరోగ్య సమాచారం సేకరించి, మేమెంత పని చేయగలమో అంచనా కట్టడానికి యాజమాన్యానికి అందజేస్తారట.

సరిగ్గా ఆ వారమే నాకు ఆసుపత్రినుంచి మెసేజీ వచ్చింది, బుధవారం రమ్మని. ఎందుకో మీకు చెప్పను. ఏమీ అనుకోకండి, టార్చిలైటైనా అడిగింది, మీరు అడగలేదు! ఒక్కటి మాత్రం చెబుతాను. నయమయ్యేదే. మూడు రోజులకు మళ్ళీ మిషన్ దగ్గర కూర్చోవచ్చన్నాడు డాక్టరు. కానీ పైవాళ్ళకు తెలిస్తే నా కుర్చీలో ఇంకొకరుంటారు. కిందటేడు ఇస్త్రీ సెక్షన్ అక్క మోకాలు నొప్పని నోరు జారితే, "విశ్రాంతి తీసుకో అమ్మా" అన్నారు. ఎంత ప్రేమ! పాపం, ఇప్పటికీ తీసుకుంటూనే ఉంది.

ఇంత దయగలవాళ్ళకు నా రోగం అందజేయాలని యాప్ తాపత్రయపడుతుంటే నేను అడ్డుపడవచ్చా? అయినా నా బుద్ధి గడ్డి తిని నొక్కలేదు.

మేనేజర్‌గారు గాజు గదిలోకి పిలిపించారు.

"ఏం పెద్దమ్మా, నువ్వొక్కదానివే మిగిలావంట?"

"చదువుతున్నానండీ."

"చదువుతున్నావా?" దొంగతనం ఒప్పుకున్నదాన్ని చూసినట్టు చూశారు. "ఇది చదవడానికి కాదు పెద్దమ్మా, ఒప్పుకోవడానికి!"

ఎంత గొప్ప మాట! ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవచ్చు. నా నాలుగేళ్ళ చదువు వృథా అని అప్పుడే అర్థమైంది.

"నిజమేనండీ. నాకు చదువు రాదు. పనిలో చేరిన రోజున వేసినట్టే వేలిముద్ర వేస్తాను."

"దానికేం, వెయ్యి!" అని సంతోషంగా కాగితాలు ప్రింటు తీయించి, ఇంకు డబ్బా మూత తీశారు.

"మరి చదివి వినిపించండి. ముద్ర వేసేవాళ్ళకు మొత్తం చదివి, వినిపించానని సంతకం పెట్టాలి కదండీ. ఆ రోజు పాత మేనేజర్‌గారు అట్లాగే చేశారు."

ఆయన గుమ్మంలో ఉన్న సూపర్‌వైజర్ వైపు చూశారు. "అవును సార్, రూలుంది" అన్నాడతను, పాపం, నిజం నోరు జారి.

భోజనాల వేళ. మిషన్లు ఆగి ఉన్నాయి. ఆయన గొంతు సవరించుకునేసరికి ఆడవాళ్ళంతా గుమ్మం దగ్గర చేరారు. మొదటి మూడు పేరాలు రైలులా పోయాయి. నాలుగోది, పనివేళలు అయ్యాక కూడా మేమెక్కడున్నామో గమనిస్తారట. సోమవారం జ్వరమని బావమరిది పెళ్ళికి వెళ్ళొచ్చిన సూపర్‌వైజర్ ముఖాన నెత్తురు చుక్క లేదు. ఏడోది, మా మాటలు వింటారట.

"అమ్మో! నిన్న ఈయన గురించి మనం అనుకున్నదంతానా?" అంది కాలర్ల పిల్ల.

"నోర్ముయ్యవే!" అన్నారు నలుగురు.

తొమ్మిదో పేరా సగంలో మేనేజర్‌గారు ఆగిపోయారు. జేబులోంచి తన ఫోన్ తీసి కాసేపు చూసి, బల్లమీద బోర్లా పెట్టారు.

"ఇది మాక్కూడానా?"

"మీరే కదా సార్ మొదట నొక్కారు, అందరికీ చూపించడానికి" అన్నాడు సూపర్‌వైజర్.

ఆయనకేముందో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

"ఇవాళ్టికి చాల్లే" అన్నారు. "హెడ్డాఫీసుకు రాస్తాను. అందాకా యాప్ తీసేయండి, రిజిస్టర్లో సంతకాలు పెట్టండి."

అలా ఒక్క ముసలిదాని నత్తనడక చదువువల్ల నూటపదిమంది నోటిదగ్గర కూడు లాగేసినట్టయింది. యాప్‌కు మా మీదున్న ఆపేక్షంతా మట్టిపాలు!

వస్తూ వస్తూ నా సెలవు చీటీ ఆయన ముందు పెట్టాను. బుధవారంనుంచి మూడు రోజులు. కారణం అన్నచోట గుండ్రటి అక్షరాలతో నేనే రాశాను, సొంత పని అని.

ఆయన చీటీ చూశారు, నన్ను చూశారు.

"చదువు రాదన్నావు?"

"చదవడం రాదండీ. రాయడం ఒక్కటే వచ్చు."

ఏం పని అని ఆయన అడగలేదు. సంతకం పెట్టి ఇచ్చారు.