తొండుపల్లి హిమానీనదం

హిమానీనదం చూడాలంటే హిమాలయాలకే వెళ్ళాలని మీకెవరు చెప్పారండీ? ఉన్ని స్వెట్టరు, మంకీ క్యాపు, ఆక్సిజన్ సిలిండరు, ఇంత హంగామా దేనికి? శంషాబాద్ ఎయిర్‌పోర్టు దాకా వచ్చి, విమానం ఎక్కకుండా తొండుపల్లి వైపు తిరగండి చాలు!

అక్కడ ఒక ఏటవాలు సందు మొదట్లో, భీమశంకరరావుగారి మేడ పక్క ఖాళీ జాగాలో, మనకంటూ ఒక హిమానీనదం ఉంది. తెలియనివాళ్ళు దాన్ని కూల్చిన ఇళ్ళ మట్టిదిబ్బ అంటారు. ముప్పై ఏళ్ళు కాకినాడలో జాగ్రఫీ చెప్పి, రిటైరై ఇక్కడ స్థిరపడిన భీమశంకరరావుగారు మాత్రం అలా అనరు. విషయం తెలిసిన మనిషి ఎలా అంటాడు?

హిమానీనదం ఎలా పుడుతుంది? మంచు పడుతుంది, కరగదు. దాని మీద మరుసటి ఏడాది మంచు. పైబరువుకు అడుగున ఉన్నది నలిగి, గాలంతా పోయి, గట్టి ఐసు అవుతుంది. ఇక్కడా అంతే! మొదట ఎవరో ఒక్క ట్రాక్టరు మట్టి పోయించారు. ఎవరూ తియ్యలేదు. ఎలాగూ ఉన్నదే కదా అని రెండోవారు పోయించారు. ఎవరో ఆఫీసరు వచ్చి ఫోటో తీసుకుని వెళ్ళారు. ఎనిమిదేళ్ళకు పగిలిన కమోడ్లు, గోడముక్కలు, స్లాబు పెచ్చులు కలిసి ఒకే ముద్దయ్యాయి.

అంత బరువెక్కాక ఐసు ఊరుకుంటుందా? పల్లానికి కదులుతుంది. అడుగున నీళ్ళు చేరితే మరీ హుషారు! మనదీ ప్రతి వానాకాలం రెండడుగులు నడుస్తోంది. నేలను గీకుతూ, బండల్ని మోసుకుంటూ, మోరీని మింగి, సిమెంటు రోడ్డును చెక్కి, కరెంటు స్తంభాన్ని వంచింది. ఒక లోయ చెక్కడానికి ప్రకృతికి వేల ఏళ్ళు కావాలి. మనవాళ్ళు ఎనిమిదేళ్ళలో కానిచ్చేశారు!

ఇందుకు గర్వపడనిది రుక్కమ్మ ఒక్కతే. దిబ్బకు కాస్త దిగువనే ఆమె ఇల్లు, రెండు బర్రెలు. దిబ్బ ముక్కు ఆమె గేటుకు జానెడు దూరానికి వచ్చింది.

"జర ఏమన్న చెయ్యుండ్రి సారూ. గేటు బందైతే నా బర్రెలు మేతకెట్ల పోతయి?"

భీమశంకరరావుగారు ఉపాయం చెప్పారు. దిబ్బ మోసుకొచ్చిన పెద్ద గుండురాయికి పసుపు రాసి బొట్టు పెడితే, దేవుడికి జడిసి ఎవరూ మట్టి పొయ్యరన్నారు. రుక్కమ్మ పెట్టింది. ఫలితం అద్భుతం! ట్రాక్టరువాళ్ళు ఇప్పుడు చెప్పులు విడిచి, కొబ్బరికాయ కొట్టి, ఆ తర్వాత పోస్తున్నారు. బతిమాలి పిలిపించిన జేసీబీ డ్రైవరు శివశంకర్ బొట్టు చూశాడు.

"దేవుని మీద బకెట్ పెట్టుడు నాతోని కాదు సారూ," అని దండం పెట్టి బండి వెనక్కి తిప్పాడు.

మొన్నటి వానకు గేటు సగం పూడింది. లోపల బర్రెలు ఒకటే అరుపు. ఆ అరుపులు వినలేక భీమశంకరరావుగారు మేడ దిగి గేటు దాకా వచ్చారు. బాధలో ఉన్న జాగ్రఫీ మాస్టారు ఏం చేస్తాడు? పాఠం చెప్తాడు!

"హిమానీనదానికి ఒక గొప్ప గుణం ఉందమ్మా. అది చివర్న వదిలిన రాయిని చూస్తే, ఏ కొండ దగ్గర బయల్దేరిందో చెప్పేయొచ్చు."

"గట్లనా సారూ?"

రుక్కమ్మ వంగి, గేటు కింద ఇరుక్కున్న పెంకు ఒకటి లాగి కొంగుతో తుడిచింది. నీలిపువ్వుల బాత్రూం టైలు.

"గిది మీ ఇంటిదే గద. ఎనిమిదేండ్ల కింద పాలు పొయ్యనీకి వచ్చినప్పుడు మీ వాకిట్ల పలగ్గొట్టి కుప్పేసినవి చూసిన."

చూశారా సైన్సు శక్తి! ఎనిమిదేళ్ళ తర్వాత కూడా మొదటి ట్రాక్టరు ఎవరిదో పట్టిచ్చేసింది. భీమశంకరరావుగారు తల వంచుకుని, రుక్కమ్మను అడిగి పార తీసుకున్నారు.

హిమాలయాల్లో మంచు వెనక్కి తగ్గిపోతోందట, పాపం. మనది మాత్రం ముందుకే వస్తోంది. అన్నట్టు, మొన్న మీరు వంటిల్లు మార్పించారటగా, ఆ మట్టి ఎక్కడ పోయించారు?