ఎత్తేముందు దించే చోటు

నవ్వండి, ఫర్వాలేదు. ఈ కథ విన్నవాళ్లు మొదటి సగం పకపకా నవ్వుతారు, రెండో సగంలో నా మొహం చూసి నవ్వు దిగమింగుకుంటారు. మింగక్కర్లేదు. ఆ నవ్వూ, ఈ మొహమూ రెండూ నా స్వార్జితమే.

నాది మ్యూజియంలో ఉద్యోగం. నిలబడే ఉద్యోగం. నేను నిలబడితేనే ఉద్యోగం నిలబడుతుంది. మూడో హాల్లో, గాజుపెట్టె పక్కన, ఇరవై రెండేళ్లుగా అలా నిలబడే ఉన్నాను.

ఆ గాజుపెట్టెలో ఒక ఇత్తడి పిట్ట. నా పిడికిలంత ఉంటుంది. దాని కాళ్ల కింద ఓ చిన్న పెట్టె, పెట్టెకో తాళంచెవి. ముందు ఓ చీటీ: ‘తాళం తిప్పితే పాడే పిట్ట. ప్రస్తుతం పాడదు.’

ఆ ‘ప్రస్తుతం’ నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉంది. వచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. “ప్రస్తుతం పాడదండీ” అంటాను. రోజుకి ఇరవై సార్లు. పెళ్లైన కొత్తలో నిద్రలో కూడా అదే అనేవాణ్ణిట. “ఎవరండీ ఆ పాడనిది?” అని మా ఆవిడ పొద్దున్నే నడుం మీద చెయ్యేసుకుని నిలదీసింది. పిట్ట అని చెప్పి బతికి బయటపడ్డాను.

మీ దగ్గర దాపరికం ఎందుకు, ఆ పిట్ట పాడితే వినాలని నాకు చచ్చేంత కోరిక. ఎవరితోనూ అనలేదు. కాపలావాడికి కోరికలేంట్రా అని నవ్వుతారని.

మా పై అధికారిని మేమంతా సర్క్యులర్ సారు అంటాం. ఆయన తుమ్మితే సర్క్యులర్, దగ్గితే దానికి సవరణ. మొన్నామధ్య ఒకటి అంటించారు: సిబ్బందికి శిక్షణ. పాతవస్తువుని ఎలా పట్టుకోవాలి, పురుగుని ఎలా పసిగట్టాలి, తేమని ఎలా కొలవాలి, ఇలా పన్నెండు పాఠాలు. ఇంట్లోనే కంప్యూటర్లో విని, ప్రతి పాఠం చివర ప్రశ్నలకి జవాబులు పెట్టాలి. పాసైతే చేత్తో చేసి చూపించే చేతిపరీక్ష. అందులో ముందు నిలిచిన ఒక్కరు, బయటినుంచి వచ్చే నిపుణురాలి పక్కన కూర్చుని రెండు నెలలు పని నేర్చుకోవచ్చు.

ఏం పని? ఇత్తడి పిట్టని విప్పి బాగుచేసే పని.

నా గుండెకాయ గాజుపెట్టె బద్దలుకొట్టుకుని బయటికి రాబోయింది. సర్క్యులర్‌కి రెండో పేజీ కూడా ఉంది. చదవలేదు. రెండో పేజీలు చదివే అలవాటే ఉంటే మూడో హాల్లో ఎందుకుంటాను?

కోరిక పెద్దదే, కానీ ఒళ్లు అంతకంటే పెద్దది. శిక్షణ అంటే నా లెక్కలో ప్రతి క్షణం శిక్ష. పక్క హాలు కాపలాదారుకి ఆవులింత అని పేరు, అతను ఏ మాటైనా ఆవులింతతోనే మొదలుపెడతాడు గనక. అతనే దారి చూపించాడు. “ఆఆ... తెర ముందు కూర్చుంది నువ్వో మీ ఆవిడో కంప్యూటర్‌కేం తెలుసు?”

సాయంత్రం ఇంటికెళ్లేసరికి మా ఆవిడ గొడుగు ఊస సరిచేస్తోంది. మా ఇంట్లో చెడిపోయిన వస్తువంటూ ఉండదు, నేను తప్ప. గోడగడియారం దగ్గర్నుంచి కుక్కర్ మూత దాకా అన్నీ ఆవిడ చేతిలో పడి బాగుపడినవే.

“ఏమోయ్, నీకు కంప్యూటర్ అంటే ఇష్టం కదా?”

“ఎవరన్నారు?”

“నేనంటున్నా.”

“అయితే అది మీ ఇష్టం. నా ఇష్టం కాదు.”

“రోజూ ఓ గంట పాఠం వినడం, చివర్లో నాలుగు టిక్కులు పెట్టడం. అంతే.”

“ఎవరి పేరు మీద?”

“నా పేరు మీద.”

ఆవిడ గొడుగు మూసింది. “ఇంటిపేరు ఎలాగూ మీదే అయింది. ఇక ఒంటిపేరు కూడానా?”

“మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఒకటే అంటారు కదే.”

“అంటారు. ఆ ఒకటి ఎవరో ఇప్పుడు తెలిసింది.”

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. పెళ్లైన నాలుగో ఏడు, గడియారాలు బాగుచెయ్యడం నేర్పే క్లాసులో చేరతానంది. “ఇప్పుడెందుకు?” అన్నాను. మరో ఆరేళ్లకి మళ్లీ అడిగింది. “ఇంకా ఎందుకు?” అన్నాను. ఆ ‘ఇప్పుడెందుకు’కీ ఈ ‘ఇంకా ఎందుకు’కీ మధ్య సరైన సమయం ఎప్పుడొచ్చి ఎప్పుడెళ్లిపోయిందో నాకు ఇప్పటికీ తెలీదు.

ఈసారి మాత్రం ఆవిడ ఎక్కువ బెట్టు చెయ్యలేదు. “సరే. మధ్యలో కాఫీ అని కేకెయ్యకూడదు” అంది. మొదటిరోజు ల్యాప్‌టాప్ ముందు రెండు కుర్చీలు వేసింది. రెండోదాని మీద నేను తడి తువ్వాలు ఆరేసి, సోఫాలో నడుం వాల్చాను.

మూడోరోజుకే ప్రశ్నలు మొదలు. “ఏమండీ, పాడే పిట్ట లోపల ఊపిరితిత్తిలా ఓ చిన్న తోలు తిత్తి ఉంటుందిట. తోలు ఎండిపోతే గాలి ఆడదుట. మీ పిట్టకి తోలు ఎలా ఉంది?”

“నాకేం తెలుసు? నేను గాజుకి ఇవతల ఉంటా.”

“ఇరవై రెండేళ్లలో ఎవర్నీ అడగలేదా?”

“అందరూ నన్నే అడుగుతారే. నేనెవర్ని అడగను?”

ఆవిడ నాకేసి ఓ క్షణం చూసి, తెరవైపు తిరిగి ఏదో టైపు చేసింది. అడగాల్సినవాళ్లని అడుగుతోందని నాకప్పుడు తట్టలేదు.

రెండోవారానికి ఇల్లు మ్యూజియం అయిపోయింది. మంచం కింద పురుగుల కోసం జిగురు అట్టలు. సగంరోజు వెతికిన నా చెప్పు ఒకటి అక్కడే దొరికింది, అతుక్కుని. ప్రతి వస్తువుకీ ఓ నంబరు, ఓ చీటీ. నా పడకకుర్చీకి ‘కాళ్లు వదులు, ఆనుకోరాదు’ అని రాసింది. ఆనుకోకుండా పడకకుర్చీలో ఎలా కూర్చోవాలో రాయలేదు.

పొద్దున్నే కాఫీకప్పు అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. “చెవి పట్టుకుని ఎత్తకండి. చెవి బలహీనం.”

“కప్పు చెవా, నా చెవా?”

“రెండూ. అది విరుగుతుంది, ఇది వినదు.”

చివరికి నాకూ పడింది చీటీ. ‘భర్త. ముందుభాగం ఉబ్బెత్తు. పైభాగం పలచబడింది. కదిలించడం కష్టం. తరచూ దుమ్ము దులపాలి.’

అన్నిటికీ మించి ఒకే మాట, మంత్రంలాగా. బకెట్ ఎత్తినా, బియ్యం డబ్బా ఎత్తినా, వంటింట్లోంచి కేక: “ఎత్తేముందు దించే చోటు చూసుకోండి!” సణుగుడనుకున్నాను. పెళ్లాం మాట సణుగుడనిపిస్తే అందులో పాఠం ఉన్నట్టని ఏ పుస్తకంలోనూ రాసిపెట్టలేదే!

ఓసారి తెరమీద రెండు పేర్లు కనిపించాయి. “ఇవేంటే?”

“ఒకటి మీది. ఇంకోటి అభ్యాసానికి.”

“అభ్యాసం మంచిదే” అని అటు తిరిగి పడుకున్నాను.

ఫలితాలొచ్చాయి. అరవైకి పాసు. నాకు అరవై ఒకటి.

“ఇంత తక్కువేంటే?”

“మీకు తగ్గట్టు రాశాను. తొంభై వస్తే మీ సర్క్యులర్ సారు నమ్మద్దూ?”

నాకొచ్చినవి మార్కులు కావు, మరకలు. అయినా పాసు పాసే. చేతిపరీక్ష ముందురోజు సాయంత్రం ఆవిడ్ని బతిమాలాను. “పన్నెండు పాఠాలూ ఒక్క ముక్కలో చెప్పవే.”

“ఎత్తేముందు దించే చోటు చూసుకోండి.”

“అది తెలుసులే. ఇంకోటేదైనా చెప్పు.”

ఆవిడ ల్యాప్‌టాప్ మూసేసింది.

పరీక్ష మ్యూజియం వెనక పనిగదిలో. నిపుణురాలికి అప్పటికే ఆవులింత పేరు పెట్టేశాడు: నెమ్మది మేడమ్. ఏం చెప్పినా చివర్న ‘నెమ్మదిగా’ అంటుందావిడ. బల్ల మీద రెండు చెవుల మట్టికూజా ఒకటి ఉంది. పదిసార్లు పగిలి పదకొండుసార్లు అతికినట్టుంది.

“దీన్ని ఆ బల్ల మీదికి చేర్చండి. నెమ్మదిగా.”

ఓస్, ఇంతేనా! తెల్లగుడ్డ తొడుగులు తొడుక్కున్నాను. కూజా రెండు చెవులూ పట్టుకున్నాను. ఎత్తాను. అవతలి బల్ల దాకా దర్జాగా నడిచాను.

బల్ల నిండా సామాను. పళ్లేలు, కుంచెలు, సీసాలు, కాయితాలు. వేలు పెట్టే సందు లేదు.

వెనక్కి తిరిగాను. మొదటి బల్ల మీద, నా తర్వాతి వంతు తనదే గనక, ఆవులింత అప్పుడే తన సంచీ, గొడుగు, నీళ్లసీసా పరిచేసి తీరిగ్గా ఆవులిస్తున్నాడు.

నేను గది మధ్యలో. చేతుల్లో కూజా. గుడ్డ తొడుగులు నున్నగా జారుతున్నాయి. సరిగ్గా అప్పుడే ముక్కు దురద.

“నెమ్మదిగా” అంది మేడమ్.

“నెమ్మదిగానే ఉన్నా మేడమ్. అసలు కదలడమే లేదు!”

కూజా కుడిచెవి ‘టిక్’ అంది.

“దించవయ్యా!” అని అరిచారు సర్క్యులర్ సారు.

“ఎక్కడ దించమంటారు సార్? దానికో సర్క్యులర్ ఇప్పించండి!”

“ఏమండీ. కదలకండి.”

వెనకనుంచి మా ఆవిడ గొంతు. కళ్లజోడు మర్చిపోయానేమో, తెచ్చిందనుకున్నాను. చూస్తే కళ్లజోడు నా మొహం మీదే ఉంది. మా ఆవిడ పమిటకి పరీక్ష నంబరు చీటీ గుచ్చి ఉంది.

ఆవిడ నాకేసి చూడలేదు. బల్లకేసి చూసింది. పళ్లెం జరిపింది. సీసాలు వెనక్కి పెట్టింది. ఖాళీలో మెత్తటి స్పాంజి పరిచింది. అప్పుడొచ్చి ఓ చెయ్యి కూజా అడుగున, ఓ చెయ్యి పొట్ట మీద వేసింది. “ఇప్పుడు చెవులు వదలండి.”

వదిలాను. కూజా స్పాంజి మీద పసిపాపలా కూర్చుంది.

నెమ్మది మేడమ్ ఒక్క అంగలో బల్ల దగ్గరికొచ్చేసింది. “పిట్ట తిత్తి గురించి అడిగింది మీరేనా?”

“నేనేనండీ.”

సర్క్యులర్ సారు నా ముక్కు కింద రెండో పేజీ పెట్టారు: ‘శిక్షణలో బయటివారికి రెండు సీట్లు.’ దాని పక్కనే మార్కుల జాబితా. మా ఆవిడకి తొంభై ఎనిమిది. అభ్యాసానికన్న పేరు అదన్నమాట! ప్రతి పాఠం రెండుసార్లు రాసింది, ఓసారి నాకోసం తప్పులు వెతికి మరీ పెడుతూ, ఓసారి తనకోసం.

మేడమ్ నావైపు తిరిగింది. “దించే చోటు సంగతి మొదటి పాఠమే కదండీ. మరి విన్నారుగా?”

మా ఆవిడ నేలచూపులు చూస్తోంది. నోరు విప్పదు, నన్ను పట్టివ్వదు. ఒక్క అబద్ధమాడితే నా పరువు దక్కేది. ఎందుకో ఆరేసిన తడి తువ్వాలు గుర్తొచ్చింది.

“వినలేదు మేడమ్. నా పేరు మీద విన్నది కూడా ఈవిడే.”

అక్కడికక్కడే సర్క్యులర్ పుట్టింది: ఆవిడకి ఒక మందలింపు, నాకు మళ్లీ మొదటి పాఠం. “ఈవిడ సీటు కూడా తీసెయ్యాలి” అన్నారు సారు. మేడమ్ ఒప్పుకోలేదు. “ఒకే పాఠం రెండుసార్లు చదివే మనుషులు నాకు దొరకరు. నెమ్మదిగా ఆలోచించండి” అంది. సారు నెమ్మదించారు.

ఇద్దరం ఇంటిదారి పట్టాం.

“ముందే చెప్పొచ్చుగా?” అన్నాను.

“చెప్తే ఇప్పుడెందుకు అనేవారు.”

“అనేవాణ్ణి కాదు.”

“అయితే ఇంకా ఎందుకు అనేవారు.”

నవ్వబోయాను. రాలేదు. “ఆ పిట్టంటే నాకు...”

“తెలుసండీ. నిద్రలో చెప్పేవారుగా. అందుకే రెండు కుర్చీలు వేశాను.”

తిట్టినా బాగుండేది. తిట్టుకి ఎదురుతిట్టు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కుర్చీకి ఏం సమాధానం చెప్పను?

పిట్టని మూడో హాల్లోంచి పనిగదికి మార్చారు. పిట్టతోపాటు నన్నూ మార్చారు. పనిగదికి ముందువైపు గాజుగోడ కట్టారు, జనం చూడ్డానికి. గోడకి అవతల మా ఆవిడా, మేడమూ. ఇవతల నేను, నిలబడి. మా ఆవిడ సన్నటి పట్టకారుతో అంగుళమంత తిత్తిని తీస్తే ఊపిరి బిగబట్టేది నేను. ఎత్తేముందు ప్రతిసారీ పక్కకి చూసుకునేది, దించే చోటుకేసి. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆవిడ మొహం అంత ప్రశాంతంగా నేనెప్పుడూ చూళ్లేదు. అలా ఉంచే పని నేనెప్పుడూ చెయ్యలేదు కాబోలు.

సాయంత్రాలు ఇప్పుడు ల్యాప్‌టాప్ ముందు నేనే కూర్చుంటున్నాను. ఆవిడ సోఫాలో పడుకుంటుంది. పక్కన రెండో కుర్చీ వేసి చూశాను. “నాకు అయిపోయాయిగా” అంది కళ్లు తెరవకుండా.

నిన్న మధ్యాహ్నం మా ఆవిడ తాళంచెవి తిప్పింది. నేను గాజుకి మొహం ఆనించి చూస్తున్నాను, ఆనించకూడదని అందరికీ చెప్పే నేను. పిట్ట తల అటు తిరిగింది, ఇటు తిరిగింది. తోక లేచింది. ముక్కు తెరుచుకుంది. మూసుకుంది, తెరుచుకుంది, మూసుకుంది. నెమ్మది మేడమ్ చప్పట్లు కొడుతోంది. మా ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. గాజుగోడ మందం వేలెడు. ఇవతలికి చిన్న కూత కూడా రాలేదు.

ఆవిడ నన్ను చూసి చెయ్యూపింది, లోపలికి రమ్మని. తలుపు మీద సర్క్యులర్ సారు చీటీ ఉంది: ‘శిక్షణ పూర్తైనవారికి మాత్రమే ప్రవేశం.’ నేను మూడో పాఠంలో ఉన్నాను. తల అడ్డంగా ఊపాను.

పక్కన ఎవరో పెద్దాయన, మనవరాలి చెయ్యి పట్టుకుని, నా భుజం తట్టాడు. “ఏమండీ, పాడుతోందా?”

“పాడుతోందండీ” అన్నాను. “ప్రస్తుతం నాకే వినపడదు.”