ఐదు ఇంగ్లీషు అక్షరాల రంది

రోగం రావడం రోగి చేతిలో లేదు, తగ్గించడం డాక్టరు చేతిలో లేదు. రెండూ చీటీ చేతిలో ఉన్నాయి. నాగరికత అంటే ఇదే. అడవిలో జంతువు తనకు తోచినప్పుడు జబ్బుపడి, తోచిన పొద కింద పడుకుని, ఎవరి అనుమతీ లేకుండా కోలుకుంటుంది. అందుకే దానికి పింఛను లేదు.

1995 నాటికి పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఈ నాగరికతను నిలబెట్టే భారాన్ని కార్మిక ఆరోగ్య సంరక్షణ పథకం వారి మూడో నంబరు డిస్పెన్సరీ మోస్తోంది. (ఒకటో నంబరు, రెండో నంబరు డిస్పెన్సరీలు ఇంకా కట్టలేదు. మంజూరు మూడోదానికే ముందు వచ్చింది.) ఒక సోమవారం పొద్దున ఆ డిస్పెన్సరీ మెట్లు మొగులయ్య ఎక్కాడు.

మొగులయ్యది బొంతపల్లి. ఊరి పక్కనే ఉన్న మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటరు. ఆవిరి ఎంత కావాలంటే అంత, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇచ్చినవాడిగా పేరుంది. ఈ మధ్య మాత్రం ప్రెషర్ గేజి ముందు నిలబడి, ముల్లు ఎక్కడుందో చూసి, ఏం చూశాడో మరిచిపోతున్నాడు. బువ్వ గొంతు దిగడం లేదు. నిద్ర రాదు. పోయిన పండుగకు మేక కూర ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మేక మీద జాలి కాబోలు అనుకున్నారు చుట్టాలు. అంతకు ముందు ఆయన ఏ మేక మీదా జాలి చూపిన దాఖలా లేదు.

మొన్నటికి మొన్న బాయిలర్‌లో నీటిమట్టం పడిపోతుంటే, దాని ఎదురుగానే నిలబడి చూస్తూ ఉండిపోయాడు. తోటి ఆపరేటరు సత్యరాజు పరుగెత్తుకొచ్చి మంట ఆపకపోతే బాయిలరు, షెడ్డు, మొగులయ్య, సత్యరాజు కలిసికట్టుగా ఊళ్ళోని వీరభద్రుడి గుడి మీదుగా ఎగిరిపోయేవారు.

"మొగులన్నా, నీ కాల్మొక్త, దవాఖానకు పో," అన్నాడు సత్యరాజు చెమట తుడుచుకుంటూ. "నీ గురించి గాదే. నా గురించే చెప్తున్న."

ఇంట్లో రాజవ్వ నాలుగు నెలలుగా అదే మాట అంటోంది. మొగుడి రోగానికి పేరు కూడా ఆమే పెట్టింది. అందుకు ఏ పుస్తకమూ తిరగేయలేదు. ఈ మెతుకుసీమలో పుట్టినవాళ్ళు ఎవరైనా చెప్పగలరు: లోపల ఏదో పురుగు మకాం వేసి మనసును కొంచెం కొంచెంగా కొరుకుతూ ఉంటే దాన్ని రంది అంటారు.

డిస్పెన్సరీ కౌంటరులో కూర్చునే కమలాకుమారి మెతుకుసీమలో పుట్టలేదు. భీమవరం నుంచి బదిలీ మీద వచ్చి ఆరు వారాలైంది. ఆమె ఎరిగిన తెలుగులో దానికి దగ్గరి మాట "రండి" ఒక్కటే. దయచేయండి అని అర్థం.

"ఏం జబ్బయ్యా?"

"రందమ్మా."

"నేను రావడమేంటి? నువ్వే ఇటు రా."

"నేను వచ్చిననే గదమ్మా. రంది. రంది అంటున్న."

"మర్యాద బాగానే ఉంది. జబ్బు పేరు చెప్పు."

"గదే అమ్మా పేరు!"

ఇలాంటి చిక్కుల కోసమే పథకం నియమావళిలో పద్నాలుగో నిబంధన ఉంది. జబ్బు పేరు తేలనప్పుడు రోగి చెప్పిన మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో నమోదు చేసి, ఒక ప్రతిని యాజమాన్యానికి పంపాలి. (మాట రోగి సంతోషం కోసం, ఇంగ్లీషు కార్యాలయం గౌరవం కోసం.) కమలాకుమారి ఆర్ రాసింది, ఏ రాసింది, ఎన్ రాసింది, డి రాసింది, ఐ రాసి చుక్క పెట్టింది. తెలుగులో ద వేరు, డ వేరు. ఇంగ్లీషువాడు రెంటినీ ఒకే గుంజకు కట్టేశాడు.

చీటీ ప్రతి ఫ్యాక్టరీలో పర్సనెల్ మేనేజరు దూబే బల్ల మీదికి చేరింది. దూబేది కాన్పూరు. ఆ ఐదు అక్షరాలకు ఆయన హిందీలో ఒకే అర్థం ఉంది. అది నలుగురిలో పలికే మాట కాదు. డబ్బు తీసుకుని మగవాళ్ళను రానిచ్చే స్త్రీని అంటారు, అదీ తిట్టాలనుకున్నప్పుడు. ఒక కార్మికుడు ప్రభుత్వ కౌంటరు దగ్గర నిలబడి, తన రోగం ఫలానా అని ఇంత బాహాటంగా చెప్పుకోవడం దూబే సర్వీసులో ఇదే మొదలు. మొగులయ్యను పిలిపించాడు. కుర్చీ చూపించాడు. (ఆపరేటరుకు ఆ గదిలో కుర్చీ చూపించడం కూడా ఇదే మొదలు.)

"కబ్ సే హై యే?"

"నాలుగు నెలల సంది సాబ్."

"రోజ్?"

"రోజూ సాబ్. రాత్రయితె ఇంకింత ఎక్కువ."

దూబే లేచి తలుపు వేసి వచ్చాడు. "ఘర్‌వాలీ కో మాలూమ్ హై?"

"ఆమెనే ముందుగాల గుర్తు పట్టింది సాబ్. దవాఖానకు పొమ్మన్నది గూడ ఆమెనే."

దూబే మంచినీళ్ళు తాగాడు. ఈ ప్రాంతపు ఆడవాళ్ళ సహనం మీద ఆయనకు అప్పటిదాకా సరైన అంచనా లేదు.

"కహా సే లగా?" ఎక్కడ అంటుకుందని ప్రశ్న.

"మా బాయి కాడ సాబ్. మన ఫ్యాక్టరీ కాలువ నీళ్ళు దిగి, బాయిల నీళ్ళు పచ్చగైనయి. చేను పాయె. గప్పటి సంది పట్టుకున్నది."

"కువే కే పాస్!" అన్నాడు దూబే నోరు తెరిచి. బావి దగ్గర అన్నంతవరకే ఆయనకు వినపడింది. నీళ్ళు పచ్చబడిన సంగతి ఆయన హోదాకు వినదగింది కాదు. "ఔర్ కిస్ కో హై?"

"నాకొక్కనికేనా సాబ్? మా షిఫ్టుల సగం మందికి ఉన్నది. ఎవ్వరు బయటికి చెప్తలేరు, గంతే."

ఆ మధ్యాహ్నానికల్లా బాయిలర్ షిఫ్టు మొత్తానికి రక్త పరీక్షలు చేయించాలని ఉత్తర్వు వెలువడింది. గేటు మీద "సంయమనమే సంపద" అని బ్యానరు కట్టారు. క్యాంటీనులో బాయిలర్ వాళ్ళ గ్లాసుల మీద ఎర్ర రంగు చుక్క పెట్టారు. పటేల్‌గూడ నుంచి వచ్చే స్టాఫు బస్సులో వాళ్ళకు ఆఖరి సీటు ప్రత్యేకించారు. ఒక్కొక్కరికి రబ్బరు తొడుగుల పొట్లం ఉచితంగా ఇచ్చారు. ఆ పొట్లం మొగులయ్య తెరిచి చూడలేదు. నాలుగు నెలలుగా ఆయన దేన్నీ తెరిచి చూడడం లేదు. టిఫిను డబ్బాలో పడేసుకుని ఇంటికి వెళ్ళాడు.

డబ్బా రాజవ్వ కడిగింది.

మర్నాడు పొద్దున ఆమె మొగుణ్ణి ముందు నడిపించుకుంటూ దూబే గదిలోకి వచ్చేసింది. గేటు దగ్గర ఆమెను ఆపవలసిన వాచ్‌మన్, ఆమె ముఖం చూసి, తనకు లోపల పని ఉన్నట్టు గుర్తు చేసుకున్నాడు. దారిలో ఆమెకు చీటీ సంగతి చెప్పిన సత్యరాజే హిందీ చెప్పడానికి నిలబడ్డాడు.

"సారూ, మా ఆయన సాని కొంపకు పోయిండని రాసుకున్నరంట గద? నాలుగు నెలల సంది ఈయనకు అంగీ మార్చుకోబుద్ధి అయితలేదు. గడ్డం గీసుకోడు. మంచం మీదికెల్లి లేపాలంటె నేనొక దిక్కు, మా తోడికోడలొక దిక్కు పట్టాలె. గసువంటి మనిషి తానం జేసి, బస్సెక్కి, పట్నం బోయి, బేరమాడి, పని గానిచ్చుకొని మల్ల వస్తడా? గంత ఉషారే ఉంటె నేనే పైసలిచ్చి పంపకపోదునా!"

సత్యరాజు గొంతు సవరించుకున్నాడు. "సాబ్, ఆమె అట్లా ఏం లేదంటున్నది," అని హిందీలో ముగించాడు.

ఇంతలో రక్తం ఫలితాలు వచ్చాయి. షిఫ్టులో ఎవరికీ ఏ రోగమూ లేదు. లేని రోగం తగ్గినట్టే లెక్క కనుక, మొగులయ్య చీటీలో రాసిన ఐదక్షరాల వ్యాధి నయమైందని, ఆయన విధులకు తగినవాడేనని డిస్పెన్సరీ ధ్రువపత్రం పంపింది. ఒక్క మాత్ర కూడా ఖర్చు కాలేదు. పథకం చరిత్రలో ఇంత చవకైన వైద్యం మరొకటి లేదు.

ధ్రువపత్రం చేతిలో పట్టుకుని మొగులయ్య బాయిలర్ ముందు నిలబడి మళ్ళీ ఏడ్చాడు. సత్యరాజు ఆ షిఫ్టు చేయనని సెలవు పెట్టేశాడు.

ఇక లాభం లేదని రాజవ్వ మొగుణ్ణి తీసుకుని, కౌంటరు దాటి, వరస దాటి, నేరుగా డాక్టరు వెంకటేశ్వరరావు ముందు కూర్చోబెట్టింది. డాక్టరుది తెనాలి. మంచివాడు. రోగులు చెప్పేది వింటాడన్న ఆరోపణ మీద ఇదివరకు రెండుసార్లు మెమో కూడా అందుకున్నాడు.

"రంది అంటే ఏంటమ్మా?"

రాజవ్వ చెప్పింది. బువ్వ, నిద్ర, మేక కూర, నీటిమట్టం. అన్నీ చెప్పింది.

"ఓహో, దిగులా!"

"దిగులు గాదు సారూ. దిగులు వస్తది, పోతది. రంది కూసుంటది."

డాక్టరు మొగులయ్య వైపు కుర్చీ జరుపుకుని, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని అడిగాడు. మొగులయ్య భార్య వంక చూడకుండా తల ఊపాడు. రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

"దీన్ని డిప్రెషన్ అంటారు. మందుంది," అన్నాడు డాక్టరు. "రెండు మూడు వారాల్లో నిద్ర పడుతుంది. రెండు మూడు నెలల్లో ఆకలి, మాట, కోపం అన్నీ తిరిగొస్తాయి." (ఆ మందు పొడిని ఎండబెట్టేది మొగులయ్య ఇచ్చే ఆవిరితోనే. ఈ సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియదు, మొగులయ్యకు అసలే తెలియదు.)

డాక్టరు కలం తీశాడు. మళ్ళీ మూసేశాడు.

"ఒక చిక్కుంది. మానసిక రోగం అని రాస్తే, బాయిలర్ లైసెన్సు రద్దు. ఉద్యోగం పోతుంది. రాయకపోతే, మందు ఇవ్వడానికి నాకు అధికారం లేదు."

రాజవ్వ వేళ్ళతో లెక్క వేసుకున్నట్టు నెమ్మదిగా అడిగింది. "అంటె సారూ, మందు మింగి మంచిగైతె నౌకరి పోతది. మింగక గిట్లనే ఉంటె నౌకరి ఉంటది?"

"బాయిలర్ పేలేదాకా ఉంటుందమ్మా," అన్నాడు డాక్టరు నిజాయితీగా.

"పిలగానికి సంబంధాలు చూస్తున్నం సారు. తండ్రికి తలకాయ రోగమని కాయిదం మీద ఎక్కితె పిల్లనెవరిస్తరు?"

నియమావళిలో దీనికి జవాబు లేదు. ఫైలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కమలాకుమారి దగ్గర ఉంది.

"సార్, ఫ్యాక్టరీ వాళ్ళు రాసిన ప్రకారం ఈయన్ని గుప్తరోగం కేసులో చేర్చాం. నయమైందని రాశాం గానీ, మూసెయ్యడానికి జిల్లా ఆఫీసు అనుమతి రావాలి. రెండేళ్ళు పడుతుంది. అప్పటిదాకా ఆ ఖాతాలో మీరు ఏ మందైనా రాయొచ్చు. రోగి పరువు దృష్ట్యా మందు పేరు యాజమాన్యానికి చెప్పక్కర్లేదు."

"మరి గుప్తరోగికి బాయిలర్ నడపడానికి అభ్యంతరం?" అన్నాడు డాక్టరు.

డాక్టరు, కమలాకుమారి కలిసి నియమావళి మొదటి నుంచి చివరిదాకా వెతికారు. ఎక్కడా లేదు. సాని కొంపకు పోయి వచ్చినవాడి చేతిలో బాయిలర్ భద్రంగా ఉంటుందని పథకం నమ్మకం. ఏడ్చినవాడి చేతిలోనే ఉండదు.

గదిలో అందరూ మొగులయ్యను చూశారు. ఏం చెయ్యాలో ఆయన్ను ఒకరు అడగడం, ఈ వ్యవహారం మొదలైనప్పటి నుంచి జరగలేదు.

"రాయున్రి సారు," అన్నాడు మొగులయ్య గోడ వైపు చూస్తూ. "పోయిండనే రాయున్రి."

"రాయున్రి," అంది రాజవ్వ కళ్ళు తుడుచుకుని. "పోకుండనే పేరొచ్చె. మందన్న రానియ్యి."

డాక్టరు రాశాడు. మందు పట్టేదాకా రెండు నెలలు బాయిలర్ దగ్గరికి పోనివ్వవద్దని, పైన చెప్పిన రోగం వల్ల కాళ్ళు లాగుతున్నాయని ఇంకో చీటీ కూడా రాశాడు. దాన్ని దూబే సానుభూతితో ఆమోదించాడు. ఇంట్లో మాత్రల డబ్బా తన మంగళసూత్రం పక్కన కట్టుకున్నంత జాగ్రత్తగా రాజవ్వే పెట్టుకుంది. మూడో వారంలో మొగులయ్య పట్టపగలు గురక పెట్టాడు. రెండో నెల కూరలో ఉప్పు లేదని గిన్నె తోసేశాడు. ఆ గిన్నె ఎత్తుకుని రాజవ్వ వంటింట్లోకి పోయి సంతోషం పట్టలేక కాసేపు అక్కడే నిలబడిపోయింది. మూడో నెలలో ఆయన బాయిలర్ దగ్గరికి తిరిగి వెళ్ళాడు. సత్యరాజు సెలవులు పెట్టడం మానేశాడు. బావి నీళ్ళు మాత్రం పచ్చగానే ఉన్నాయి. వాటికి ఏ ఖాతాలోనూ మందు రాయలేదు.

రహస్యం షిఫ్టులో పాకింది. సోమవారం సోమవారం బాయిలర్ వాళ్ళు, తర్వాత ప్యాకింగు వాళ్ళు, ఆ తర్వాత పక్క ఫ్యాక్టరీ వాళ్ళు కౌంటరు ముందు వరస కట్టసాగారు. ఒక్కొక్కరే వంగి, చుట్టూ చూసి, "అమ్మా, నేను గూడ పోయిన," అనేవారు. కమలాకుమారి రెండో ప్రశ్న వేయకుండా ఐదు అక్షరాలూ రాసేది. ఆ ఏడాది వార్షిక నివేదికలో ఈ పారిశ్రామికవాడలో మానసిక రోగుల సంఖ్య సున్నా అని అచ్చయింది. ఇంత కష్టపడే జనానికి మనసు ఇంత నిబ్బరంగా ఉండడం ఆదర్శమని పైఅధికారులు అభినందించారు. గుప్తరోగాల అంకె చూసి మాత్రం, ఓపిక కూడా బాగానే ఉందని మార్జినులో రాశారు.

ఎండాకాలంలో కంది అనే ఊరి నుంచి కొమురయ్య అనే రైతు వచ్చాడు. తన బిడ్డను మొగులయ్య కొడుక్కు ఇవ్వాలని ఆయనకు ఉంది. ఛాయ్ తాగాడు, ఎడ్ల ధరలు మాట్లాడాడు. మొగులయ్య డ్యూటీకి బయలుదేరాక గొంతు తగ్గించాడు.

"చెల్లె, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. మీ ఆయనకు తలకాయ మంచిగ లేదని, రోజు గోలీలు మింగుతడని ఊర్ల ఎవలో చెప్పిన్రు."

"థూ! గసువంటిదేం లేదన్నా," అంది రాజవ్వ. "గా గోలీలు సాని కొంపకు పోయిన రోగానికి."

కొమురయ్య గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"గంతేనా! బతికించినవు చెల్లె. మగోడన్నంక గవన్ని ఉంటయి. తలకాయ మంచిగుండాలె గని."

ముహూర్తం ఆ పూటే కుదిరింది.